మా తాత గెంతడు

ఆ రోజుల్లో మా బచేలిలో కుర్రాడి భవిష్యత్తు గురించి ఎవరూ పెద్దగా బుర్ర పాడుచేసుకునేవారు కారు. కొండ మీద ఇనుము ఉంది, కొండ కింద క్వార్టర్లున్నాయి. నాన్నలు పొద్దున్నే కంపెనీ బస్సెక్కి పైకి పోయి, సాయంత్రానికి ఒళ్లంతా ఎర్రదుమ్ముతో కిందికి దిగేవారు. కొడుకులు పెద్దయ్యాక వాళ్లూ అదే బస్సెక్కుతారని అందరూ అనుకునేవారు, నేనూ అనుకున్నాను. అందుకే చదువును దాని మానాన దాన్ని వదిలేసి, నా తెలివితేటలన్నీ తీసుకెళ్లి బజారులో కోంటా మామ నడిపే వీడియో గేముల దుకాణంలో పెట్టాను. పన్నెండో తరగతి గట్టెక్కానంటే అది పేపర్లు దిద్దినాయన దయ. ఫలానా పనికి నువ్వు పనికొస్తావురా అని అప్పటిదాకా నాతో ఎవరూ అన్న పాపాన పోలేదు. కానీ ఆ దుకాణంలో టీవీ ముందు కూర్చుంటే మాత్రం నేను మొనగాణ్ణి. (గొప్పలనుకోకండి. ఇంకాసేపట్లో నా పరువు నేనే తీసుకోబోతున్నాను, ముందు కాస్త ఉన్నట్టయినా చూపించుకోనివ్వండి.)

కోంటా మామది పేరుకు తగ్గట్టే కోంటా వైపు, శబరి ఒడ్డున ఏదో ఊరు. మాతో తెలుగు, గిరాకీతో హిందీ, సంతకొచ్చినవాళ్లతో హల్బీ, కోపమొస్తే దొర్లీ మాట్లాడేవాడు. ఆయన దొర్లీ ఎత్తుకున్నాడంటే మేం చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాలని అర్థం. ఆయన దగ్గరున్న గేముల్లో మా ప్రాణం ఒక కొట్లాట గేము. అట్ట మీద అక్షరాలు ఏ దేశానివో ఎవరికీ తెలియదు కాబట్టి దానికి హిందీలో 'అఖాడా', అంటే కుస్తీ గోదా, అని మేమే పేరు పెట్టుకున్నాం. తెర మీద ఇద్దరు కొట్టుకుంటారు. ఒకణ్ణి నువ్వాడిస్తావు, ఒకణ్ణి నేనాడిస్తాను. ఎవడి బలం గీత ముందు చెరిగిపోతే వాడు పోయినట్టు. అందరూ కత్తి పట్టుకున్న పిల్లనో, గాల్లో పల్టీలు కొట్టే ముసుగువాణ్ణో ఎంచుకునేవారు. నేను మాత్రం కొలిమి తాతను ఎంచుకునేవాణ్ణి.

కొలిమి తాత గురించి మీకు చెప్పాలి. బానపొట్ట, తెల్ల మీసాలు, నడుముకు తోలు గుడ్డ, భుజాన ఒక సుత్తి. అప్పట్లో మేం ఆడేది ఆ గేము రెండో భాగం, అందులో ఆయన నడక చూస్తే రేషన్ బియ్యం మోసుకొస్తున్నట్టు ఉండేది. కానీ సుత్తి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడా, ఇక ఎవడు ఎన్ని గుద్దినా ఆయన మీద ఈగ వాలినట్టు కూడా ఉండదు. అవతలివాడు కొట్టి కొట్టి అలిసి ఒక్క క్షణం ఆగితే చాలు, తాత లేచి ఒకే ఒక్క దెబ్బ వేస్తాడు. సగం గీత మాయం! ఆయనకున్న లోపమల్లా గెంతలేడు. పైగా వెనక్కి తిరగాలంటే తెల్లారుతుంది. అందుకని గెంతగలిగినవాడు ఆయన నెత్తి మీదుగా దూకి వెనక నుంచి ఉతికేసేవాడు. దీనికి నేను ఒక మందు కనిపెట్టాను. ఆట మొదలవగానే తాతను నెమ్మదిగా వెనక్కి నడిపించి, వీపు గోడకు ఆనించి, మూలలో కూర్చోబెట్టేసేవాణ్ణి. గోడ వెనక్కి ఎవడు దూకుతాడు? ఆ ఒక్క ఉపాయంతో బచేలిని గెలిచాను. "మీ తాతను గెంతించరా చూద్దాం" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, మీసం లేని మూతి మీద చెయ్యేసి "మా తాత గెంతడు" అనేవాణ్ణి. దుకాణంలో ఈ మాటకు ఈలలు పడేవి.

ఇంట్లో మాత్రం ఈలలు పడలేదు. నాన్న షావెల్ ఆపరేటర్. కొండను తవ్వి డంపర్లలో పోసే ఆ పెద్ద యంత్రం మీద ఆయనంతటివాడు లేడని పైన అందరూ ఒప్పుకునేవారు. అలాంటాయనకు నేను కొడుకుని. ఒక సాయంత్రం అన్నం తింటూ నిదానంగా బాంబు వేశాడు. "విజయనగరంలో ఐటీఐలో సీటు మాటాడినాను. డీజిలు మెకానిక్కు. పండగెల్లగానే బండెక్కీసీ."

నా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. బచేలి వదిలిపెట్టి, హాస్టల్లో పడి, మొహం తెలియని ఊళ్లో డీజిలు వాసన పీలుస్తూ బతకడమా! ఏడ్చాను. అన్నం మానేశాను. (మర్నాడు మధ్యాహ్నం దాకా. ఆ రోజు అమ్మ చేపల పులుసు పెట్టింది.) చివరికి అమ్మ మధ్యవర్తిత్వం చేసింది. నాన్న చాలాసేపు ఆలోచించి తేల్చాడు.

"ఒరే, ఏదో ఒక్కదాన్లో నువ్వు మొనగాడివని నాకు సూపించు. అది గేమయినా సరే. కిరండూల్ వోళ్లతో పందెం ఉందంతన్నావు గదా? గెలిసి రా, ఇంక నిన్ను కదపను. ఓడిపోతే మాత్రం నోరు మూసుకుని రైలెక్కాల. అవునా, కాదా?"

"అవును నాన్నా!" అన్నాను ఎగిరి గంతేసి. కిరండూల్ మా పక్క టౌన్‌షిప్పు. వాళ్ల దుకాణం కుర్రాళ్లకూ మాకూ ఏటా విశ్వకర్మ పూజ మర్నాడు పోటీ జరిగేది. గెలుపు నా జేబులో ఉన్నట్టే లెక్కేసుకున్నాను. ఆ జేబుకు చిల్లుందని నాకేం తెలుసు!

పూజకు రెండు రోజుల ముందు కిరండూల్ నుంచి కబురొచ్చింది. అఖాడా మూడో భాగం వచ్చిందట, ఈసారి పోటీ దాని మీదేనట. మామ పరువుకు పోయి సరేనన్నాడు. విశాఖపట్నంలో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి తెప్పించాడు. అది సరిగ్గా పూజనాటి పొద్దున కిరండూల్ ప్యాసింజర్‌లో దిగింది. నేను స్టేషన్ నుంచే దాన్ని గుండెకు హత్తుకుని తెచ్చాను. దుకాణంలో మామ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గేము పెట్టెను, రిమోట్లను, టీవీని, చివరికి స్టెబిలైజర్‌ను కూడా కడిగినట్టు తుడిచి బంతిపూల దండలు వేస్తున్నాడు. కొత్త డిస్కు నా చేతిలోంచి తీసుకుని, విప్పను కూడా విప్పకుండా విశ్వకర్మ పటం ముందు పెట్టేశాడు.

"మామా, ఒక్కసారి వేసి చూస్తా. ఒక్క ఆట!"

"ఏందిరా నీ తొందర? ఇయ్యాల మిషన్లకు సెలవు. కొండ మీద అంత పెద్ద పెద్దయే నడవయి, నా డబ్బా నడుస్తదా? ముట్టినవంటే కండ్లు పోతయ్."

మీరు మా వైపు పుట్టి ఉంటే మామను తప్పుపట్టరు. విశ్వకర్మ పూజ రోజు మా ఊళ్లో స్పానర్‌ను కూడా ముట్టుకోరు. కుట్టుమిషన్లకు బొట్టు, సైకిల్ పంపుకు బొట్టు, పిండిమరకు దండ. ఏడాదంతా మనకోసం చాకిరీ చేసిన వాటికి ఆ ఒక్కరోజైనా విశ్రాంతి ఇవ్వాలి. నేనూ చెంపలేసుకుని దండం పెట్టాను. మామ ఉత్సాహంగా కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు చింది కాసిని రిమోట్ల మీద పడ్డాయి. "శుభం" అన్నాడు మామ. శుభమే అనుకున్నాను నేను కూడా.

అక్కణ్ణించి ఇంట్లోవాళ్లతో కలిసి బస్సులో కొండెక్కాను. ఆ ఒక్కరోజే కుటుంబాలను పైకి రానిచ్చేవారు. పైన మబ్బులు నేలమీదే తిరుగుతున్నాయి. ఎర్ర బురద, దాని మీద తెల్లటి ముగ్గులు, దండలేసిన డంపర్లు, మైకులో హిందీ భజనలు. నాన్న తన షావెల్ దగ్గరికి తీసుకెళ్లి, దాని ఇనప చక్రాల మీద చెయ్యేసి "ఇదేనర్రా" అన్నాడు. పక్కనే ఒక కొత్త యంత్రం నిలబడి ఉంది. పసుపురంగు ఇంకా మెరుస్తోంది. అందరూ దాని చుట్టూనే మూగి ఫోటోలు తీసుకుంటున్నారు. నాన్న స్నేహితుడొకాయన నన్ను దాని సీట్లో కూర్చోబెట్టాడు. పాత షావెల్‌లో నా ఎత్తున ఉండే లివర్లకు బదులు ఇందులో కుర్చీకి అటొకటి ఇటొకటి జానెడు పుల్లలు ఉన్నాయి, అచ్చం గేము రిమోట్ మీద ఉన్నట్టు. "నాన్నా, రా, భలే ఉంది!" అని పిలిచాను.

నాన్న రాలేదు. "ఆడుకునే బొమ్మలాగుందేటి అది" అని, మళ్లీ తన పాతదాని దగ్గరికే వెళ్లి దండ సరిచేస్తూ నిలబడ్డాడు. రేపటి నుంచి ఆయన ఆ బొమ్మనే నేర్చుకోవాలని అప్పుడు నాకు తెలియదు. తెలిసినా పట్టించుకునేవాణ్ణి కాదు. నా మనసంతా పటం ముందున్న డిస్కు మీదే ఉంది.

మర్నాడు దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. కిరండూల్ నుంచి వచ్చినవాణ్ణి చూసి నవ్వొచ్చింది. కళ్లజోడు, నూనె పెట్టి దువ్విన తల, నా భుజం దాకా కూడా రాడు. అందరూ వాణ్ణి చిన్నోడు అంటున్నారు. "నమస్తే అన్నా" అని నాకు చేతులు జోడించాడు. (జోడించినవాడు ఊరుకోవచ్చు కదా!) "అన్నా, మీరు తాతను బాగా ఆడతారంట గదా. నేనూ తాతనే తీసుకుంటా, పర్వాలేదా?" అన్నాడు. తీసుకోరా నాయనా అన్నాను. ఒకేరకం బొమ్మలు రెండుంటే రంగులు మారతాయి. నా తాతకు ఎర్ర బట్టలు, వాడి తాతకు నీలం బట్టలు. మూడాటల్లో రెండు గెలిచినవాడిదే పందెం.

తెర మీద తాతలు ప్రత్యక్షమయ్యారు. పొట్ట ఏదీ? మీసం నల్లగా ఎందుకుంది? తాత బక్కచిక్కి, కండలు తిరిగి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా నిగనిగలాడుతున్నాడు. "అయ్యో తాతా, ఏం చేశార్రా నిన్ను!" అని పైకే అనేశాను. మామ వెనక నుంచి వీపు చరిచి "నువ్వు ఆడురా, మీసాల సంగతి తర్వాత" అన్నాడు.

ఆడాను. అలవాటు ప్రకారం తాతను వెనక్కి నడిపించుకుంటూ పోయి వీపు గోడకు ఆనించి కూర్చోబెట్టాను. అమ్మయ్య అనుకున్నాను. చిన్నోడి తాత పరిగెత్తుకుంటూ వచ్చాడు. (పరిగెత్తడం! తాత!) ఒక్క గుద్దు గుద్దాడు. గోడ విరిగిపోయింది. మూడో భాగంలో గోడలు విరుగుతాయట! నా తాత ఆ కంతలోంచి వెనక్కి పడి, కింది అంతస్తులో వెల్లకిలా తేలాడు. సగం గీత పోయింది. లేచి సుత్తి అడ్డం పెట్టాను. ఇదివరకు ఈగ వాలినట్టుండే దెబ్బలకు ఇప్పుడు సుత్తి ఎగిరి అవతల పడింది. మిగిలిన సగం గీతా పోయింది. దుకాణంలో ఎవడూ ఈల వెయ్యలేదు.

"రిమోట్! రిమోట్‌లో కొబ్బరినీళ్లు పోయాయి. బటన్ అంటుకుంటోంది!" అన్నాను. నిజంగానే అంటుకుంటున్నట్టు అనిపించింది మరి.

"అయితే నాది తీసుకోండన్నా" అని చిన్నోడు వెంటనే తన రిమోట్ నా ఒళ్లో పెట్టి, నాది వాడు తీసుకున్నాడు. అలా నాకున్న ఒక్క సాకునూ మర్యాదగా లాగేసుకున్నాడు.

రెండో ఆట మొదలైంది. ఈసారి మూలకు పోలేదు. పోయినా మూల ఉండదు కదా. ఎటు పోవాలో తెలియక తాత నడిమధ్యలో నిలబడిపోయాడు. బజారులో తప్పిపోయిన మనిషిలా అటొక అడుగు ఇటొక అడుగు వేస్తున్నాడు. ఎలాగో ఒకసారి సందు చూసి నా ఘనమైన సుత్తి దెబ్బ వేశాను. నీలం తాత గీత గోరంత తగ్గింది. సగం పోవాల్సింది గోరంత! దెబ్బలో ఉన్న బలమంతా పీకేసి కాళ్లలో పెట్టారన్నమాట. చిన్నోడికి నన్ను చూస్తే జాలేసినట్టుంది, కొట్టడం ఆపి చెవిలో చెప్పాడు.

"అన్నా, తాతను గెంతించండి. పైబటన్ రెండుసార్లు నొక్కండి. ఇప్పుడు గెంతుతాడన్నా. గెంతి కొడితే సగం పోతుంది."

వాడు చెప్పింది వింటే ఏం పోయేది? బటన్ నా బొటనవేలి కిందే ఉంది. రెండుసార్లు నొక్కాలి, అంతే. బచేలి, అమ్మ చేపల పులుసు, నా మంచం, నా స్నేహితులు అన్నీ ఆ రెండు నొక్కుల్లో ఉన్నాయి. కానీ నాకు ఎక్కడలేని రోషం పొడుచుకొచ్చింది. ముక్కుపుటాలు అదరగా "మా తాత గెంతడు!" అని అరిచాను.

అయితే సరేనన్నా అన్నట్టు తలూపి, నీలం తాత గాల్లోకి గెంతి, ఎర్ర తాత నెత్తి మీద దిగాడు. అంతే సంగతులు. ఓడిపోవడం వేరు, నా తాత చేతిలోనే నా తాత చావడం వేరు. ఈ రెండో దుఃఖానికి ఏ భాషలోనూ ఓదార్పు లేదు. నాలుగు భాషలొచ్చిన కోంటా మామకే దొరకలేదు. "పూజ జేసి నేనే నీ కొంప ముంచిన్నా ఏందిరా" అని ఆయన తలపట్టుకుని పటం ముందు కూలబడ్డాడు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి నాన్న అప్పటికే పీట మీద కూర్చుని ఉన్నాడు. స్నానం చెయ్యలేదు, ఎర్రదుమ్ము అలాగే ఉంది. ఇద్దరికీ అమ్మ వడ్డించింది.

"పోయిందా?" అన్నాడు నాన్న.

"పోయింది" అన్నాను.

"ఊఁ. నాదీ పోయింది."

ఏం పోయిందో అడిగే ధైర్యం నాకు లేదు. తర్వాత అమ్మే చెప్పింది. పాత షావెల్‌లో లివర్ లాగితే బకెట్ పైకి లేస్తుంది. కొత్తదాంట్లో పుల్ల లాగితే బకెట్ కిందికి దిగుతుంది. చేతులకు పట్టిన అలవాటు ఏం చేసినా వదల్లేదు. పైకి అనుకుని లాగి, అందరూ చూస్తుండగా బకెట్‌ను దబ్బున నేలలోకి దించేశాడట. నేర్పడానికొచ్చిన కుర్రాడు ఇలా కాదు సార్ అంటే, "నా మిషను ఇలా తిరగదు" అని దిగి వచ్చేశాడట. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ మరుసటి వారం ఆయన్ను టూల్‌రూమ్‌లో వేశారు. కొండనే కదిలించిన మనిషి, కిటికీలోంచి కుర్రాళ్లకు స్పానర్లు అందించేవాడు. రిటైరయ్యేదాకా అదే పని.

మాటంటే మాటే. పండగ వెళ్లగానే నన్ను రైలెక్కించడానికి నాన్న స్టేషన్‌కు వచ్చాడు. ట్రంకుపెట్టె బెర్తు కిందికి తోసి, కిటికీ దగ్గర నిలబడి, ప్లాట్‌ఫారం మీది ఇనప దుమ్మును చెప్పుతో గీస్తూ ఉన్నాడు. నేను ఏడుపు దిగమింగుకుని "నా తప్పేం లేదు నాన్నా. కొత్త భాగంలో తాతను పాడుచేసేశారు" అన్నాను.

"ఆ కిరండూల్ గుంటడు ఎవుల్ని ఆడినాడన్నావు?"

"వాడూ తాతనే."

"అదే తాతనా?"

"అదే. బట్టల రంగే వేరు."

నాన్న చెప్పుతో గీయడం ఆపాడు. కొండ కేసి చూశాడు. రైలు కూత వేసింది.

"అయితే తాతది తప్పు నేదన్నమాట" అన్నాడు. నాకు చెప్పినట్టు కాదు, తనకు తనే చెప్పుకున్నట్టు. కిటికీ ఊచల్లోంచి నా తలమీద ఒక్కసారి చెయ్యేసి తీశాడు. రైలు కదిలింది. నేను అరకు దాటేదాకా ఏడ్చాను. ఆ మాట నా ఒక్కడి గురించే అన్నాడనుకుని ఏడ్చాను.

ఐటీఐ అయ్యింది. హాస్టల్లో సాంబారు గురించి చెప్పి మిమ్మల్ని బాధపెట్టను. తిరిగొచ్చి కొండమీదే పనికి కుదిరాను. నాన్న దిగి వచ్చేసిన ఆ పసుపు యంత్రాన్నే నాకిచ్చారు. జానెడు పుల్లలు నా చేతుల్లో భలే ఒదిగాయి. ఏళ్ల తరబడి దాని మీద నన్ను మించినవాడు లేడు. (ఇది నేను కాదు, పైనవాళ్లు అన్న మాట.) నాన్న కిటికీలోంచి స్పానర్ అందిస్తూ ఒకసారి "పుల్ల ఎటు లాగితే ఎటెల్తాది?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. "ఊఁ" అన్నాడు.

మొన్న నన్ను కొండ దిగి రమ్మన్నారు. ఇక మీదట యంత్రం మీద ఎవరూ కూర్చోరట. కింద ఏసీ గదిలో తెరల ముందు కూర్చుని పైన యంత్రాన్ని నడపాలట. తెర అనగానే నేను లోలోపల నవ్వుకున్నాను. తెరల ముందు బతుకు పాడుచేసుకున్నవాణ్ణి, నాకా నేర్పేది! తీరా కూర్చుంటే కిందున్న సీటు అదరదు, ఇంజను మోత లేదు, బకెట్ రాయిని కొరికినట్టు వెన్నులో తెలియదు. తెర మీద అన్నీ కనబడుతున్నాయి, ఒక్కటీ తెలియడం లేదు. పక్కన నేర్పే కుర్రాడు కళ్లజోడు సర్దుకుని, "సర్, మీరు అలవాటుగా వెనక్కి తీసుకుపోతున్నారు. అవసరం లేదు సర్" అన్నాడు. చూద్దును కదా, నిజంగానే షావెల్‌ను వెనక్కి నడిపించి దాని వీపు కొండ గోడకు ఆనించి పెట్టేశాను.

నా యంత్రం ఇలా తిరగదు అనబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. టూల్‌రూమ్ కిటికీ కళ్ల ముందు కదిలింది. ఉన్న రోషమంతా దిగమింగి అడిగాను.

"బాబూ, గెంతాలంటే ఏ బటన్ నొక్కాలి?"

కుర్రాడు బిత్తరపోయి నాకేసి చూశాడు. తర్వాత చాలా మర్యాదగా, పెద్దాయన మనసు నొచ్చుకోకుండా చెప్పాడు.

"సర్, షావెల్ గెంతదు సర్."